ఇంటి కంప్యూటర్‌లో ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటలు

రోల్ ప్లేయింగ్ గేమ్, పొట్టిగా ఆర్పీజీ, అంటే ఆడేవారు ఒక కల్పిత పాత్రను తయారుచేసుకుని, ఆ పాత్రగా ఒక కల్పిత లోకంలో తిరిగే ఆట. ఎటు వెళ్లాలి, ఎవరితో మాట కలపాలి, ఎవరితో తలపడాలి, ఇచ్చిన మాట నిలుపుకోవాలా వద్దా అన్నవి ఆడేవారే తేల్చుకుంటారు. పాత్ర బలాబలాలన్నీ అంకెల్లో ఉంటాయి. ఆట సాగేకొద్దీ ఆ అంకెలు పెరుగుతాయి. కత్తులు, మంత్రాలు, రాక్షసులు, పాడుబడ్డ కోటలు, నేలమాళిగలు ఉన్న లోకమైతే దాన్ని ఫాంటసీ ఆర్పీజీ అంటారు. మన జానపద సినిమాల లోకానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. 1970ల చివర్లో అమెరికాలో కంప్యూటర్లు ఇళ్లలోకి అడుగుపెట్టిన తొలి ఏళ్లలోనే ఈ ఆటలు కూడా వచ్చాయి. ఒక్కో ఆట పూర్తి కావడానికి పదుల గంటలు, కొన్నిటికి వందకు పైగా గంటలు పడుతుంది.

ఈ ఆటల చరిత్రను గీతల నుంచి రంగులకు, రంగుల నుంచి త్రీడీకి సాగిన బొమ్మల చరిత్రగా చెప్పడం సులువు. కానీ లోపలికి వెళ్లి చూస్తే దీన్ని నడిపించిన ప్రశ్న ఇంకొకటి కనబడుతుంది. ఒకప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఒక మనిషి చేసిన పనిలో ఎంత భాగాన్ని యంత్రానికి అప్పగించగలం? మేలైన ఆర్పీజీ ప్రతిదీ ఈ ప్రశ్నకు తనదైన జవాబు చెప్పింది.

బల్ల మీది మూలం

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి టీఎస్ఆర్ సంస్థ ప్రచురించింది. సైనికుల బొమ్మలతో పాతకాలపు యుద్ధాలు ఆడుకునే సరదా నుంచి ఇది పుట్టింది. పెద్ద సైన్యాన్ని నడపడం మానేసి ఒక్కో ఆటగాడు ఒక్కో వీరుణ్ని నడపడమే ఇందులోని కొత్తదనం. ఆ వీరుడికి బలం, చురుకుదనం, దేహదార్ఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు లక్షణాలుంటాయి. మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని ఒక్కో లక్షణానికి రాసుకుంటారు. అంటే 3 కన్నా తగ్గదు, 18 దాటదు. ఎన్ని దెబ్బలకు తట్టుకుంటాడో చెప్పే హిట్ పాయింట్లు, చేసిన సాహసాలకు దక్కే అనుభవ పాయింట్లు, అవి పోగయ్యాక ఎక్కే లెవెళ్లు ఈ ఆటలోనే స్థిరపడ్డాయి. ఇవాళ క్రికెట్, కార్ల ఆటల్లో కూడా కనబడే ‘లెవెల్ అప్’ పుట్టిల్లు ఇదే.

బల్ల దగ్గర ఒకరు వీరుడి వేషం కట్టకుండా డంజన్ మాస్టర్‌గా కూర్చుంటారు. ఆయనకు మూడు పనులు. పాచికలను, అంకెలను చూసి దెబ్బ తగిలిందో లేదో లెక్క తేల్చడం మొదటిది. తలుపు తెరిస్తే లోపల ఏముందో కళ్లకు కట్టేలా చెప్పడం రెండోది. పుస్తకంలో ఎక్కడా లేని పని ఎవరైనా చేయబోతే అప్పటికప్పుడు ఆలోచించి ఫలితం చెప్పడం మూడోది. రాక్షసుడితో పోరాడకుండా అతనికి పాట పాడి వినిపిస్తానని ఒక ఆటగాడు అన్నాడనుకోండి. ఏమవుతుందో చెప్పాల్సింది డంజన్ మాస్టరే. ఈ మూడింటిలో మొదటిది కంప్యూటర్‌కు పుట్టుకతోనే వచ్చు. రెండోదాని కోసం చాలా ఏళ్లు తంటాలు పడింది. మూడోది నేటికీ పూర్తిగా పట్టుబడలేదు.

విశ్వవిద్యాలయాల నుంచి ఇళ్లకు

పుస్తకం అచ్చయిన ఏడాదికే విద్యార్థులు ఈ ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం కోసం నెలకొల్పిన ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద 1975లో ‘పెడిట్5’ వచ్చింది. ఆటలకు చోటివ్వని యంత్రం కనుక, పాఠం ఫైలులా కనబడాలని దానికి ఆ పొడి పేరు పెట్టారు. నిర్వాహకులు కనిపెట్టి తొలగించారు. అయినా ‘డీఎన్‌డీ’, ‘మోరియా’, ‘ఊబ్లియెట్’ అంటూ వరుసగా పుడుతూనే ఉన్నాయి. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ 1980 ప్రాంతంలో యూనిక్స్ యంత్రాల కోసం ‘రోగ్’ రాశారు. ఇందులో బొమ్మలుండవు. కీబోర్డు మీది గుర్తులే గోడలు, తలుపులు, నిధులు. ఆడిన ప్రతిసారీ నేలమాళిగను యంత్రమే కొత్తగా అల్లుతుంది కాబట్టి రాసినవాళ్లకు కూడా మున్ముందు ఏముందో తెలియదు. పాత్ర చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచే. ఈ పద్ధతిలో వచ్చే ఆటలను నేటికీ ‘రోగ్‌లైక్’ అనే పిలుస్తున్నారు.

ఇళ్లలోకి వచ్చిన యంత్రాలు వీటికన్నా చాలా చిన్నవి. యాపిల్ 2, టీఆర్ఎస్-80, కమడోర్ పెట్ మూడూ 1977లో అమ్మకానికి వచ్చాయి. యాపిల్ 2కు పెట్టే ఐదుంబావు అంగుళాల ఫ్లాపీలో పట్టేది దాదాపు 140 కిలోబైట్లు. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక ఫొటో కూడా అందులో పట్టదు. అంత ఇరుకు జాగాలో రాజ్యాన్ని, ప్రజలను, రాక్షసులను, మంత్రాలను సర్దాలి. 1979లో వచ్చిన ‘టెంపుల్ ఆఫ్ అప్షాయ్’ దీనికి తెలివైన ఉపాయం కనిపెట్టింది. గదుల వర్ణనలను అచ్చువేసి పుస్తకంగా పెట్టెలో పెట్టింది. తెర మీద గది అంకె కనబడగానే ఆడేవారు పుస్తకం తిప్పి ఆ గదిలోని బూజు వాసన, గోడ మీది మరకలు చదువుకోవాలి. లెక్కలు యంత్రానివి, వర్ణన కాగితానిది.

అదే రోజుల్లో టెక్సస్‌లో రిచర్డ్ గారియట్ అనే కుర్రాడు కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తూ యాపిల్ 2 కోసం ‘అకలబెత్’ రాశాడు. బడిలో ఉండగా టెలిటైప్ మీద రాసుకున్న వరుస ప్రయోగాల్లో 28వదాని నుంచి ఇది ఎదిగింది. ఫ్లాపీని, చేతితో తయారుచేసిన కాగితాలను జిప్ సంచీలో పెట్టి దుకాణంలోనే అమ్మకానికి వేలాడదీశాడు. ఒక ప్రచురణ సంస్థ కంట్లో పడ్డాక అది దేశమంతా అమ్ముడైంది. 1981లో ‘అల్టిమా’తో అతని పేరు మోగింది.

విజర్డ్రీ: గ్రాఫ్ కాగితం మీద నేలమాళిగ

1981లోనే కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ రాసిన ‘విజర్డ్రీ’ వచ్చింది. ఒక్క వీరుడి చోట ఆరుగురి బృందం. ముందు వరుసలో కత్తి పట్టేవాళ్లు, వెనక మంత్రగాళ్లు, గాయాలు మాన్పే పూజారి, పెట్టెల తాళాలు విప్పే దొంగ. నేలమాళిగలో పది అంతస్తులు, ఒక్కో అంతస్తు నిలువు 20, అడ్డం 20 గడులు. తెర మీద ఒక మూలన సన్నటి గీతలతో గోడలు, ముందున్న నాలుగడుగుల దారి మాత్రమే కనబడతాయి.

పటం ఆట ఇవ్వదు. ఆడేవారే గ్రాఫ్ కాగితం, పెన్సిల్ పక్కన పెట్టుకుని ఒక అడుగు వేసి ఒక గడి గీసుకోవాలి. రాసినవాళ్లకు ఇది బాగా తెలుసు, అందుకే ఆ కాగితాన్నే తప్పుదోవ పట్టించే వలలు పన్నారు. కొన్ని గడుల్లో కాలు పెడితే చప్పుడు లేకుండా బృందం ముఖం వేరే దిక్కుకు తిరిగిపోతుంది. ఉత్తరానికి వెళ్తున్నామనుకుని గీసిన గోడలన్నీ నిజానికి తూర్పువి. ఇంకొన్ని గడులు ఎక్కడికో విసిరేస్తాయి. ఉన్న చోటు చెప్పే మంత్రం ఒకటుంది కానీ దాన్ని వాడితే పోరాటానికి దాచుకున్న శక్తిలోంచి కొంత ఖర్చవుతుంది.

చావు విషయంలో ఈ ఆట చాలా కఠినం. పాత్ర చనిపోయిన సంగతిని యంత్రం వెంటనే ఫ్లాపీ మీద రాసేస్తుంది, పాత స్థితికి వెళ్లే వీలుండదు. శవాన్ని ఊళ్లోని గుడికి మోసుకొచ్చి డబ్బు కడితే బతికించే ప్రయత్నం చేస్తారు. అది బెడిసికొడితే శవం బూడిదవుతుంది, బూడిద మీద చేసిన ప్రయత్నం కూడా విఫలమైతే ఆ పేరు శాశ్వతంగా పోతుంది. బృందమంతా లోపలే కూలిపోతే కొత్తగా మరో ఆరుగురిని తయారుచేసి, వాళ్లను బలవంతులను చేసి, పాతవాళ్ల శవాలను వెతకడానికి పంపాలి. వారాల తరబడి పెంచుకున్న పాత్రల మీద ఇలాంటి భయం ఉండబట్టే మలుపు మలుపులో చెమట పట్టేది. సేవ్, లోడ్ మీటల చాటున ఈ భయం ఇప్పటి ఆటల్లో చాలావరకు పోయింది, అది నష్టమే.

‘విజర్డ్రీ’, ‘అల్టిమా’ రెండూ జపాన్ చేరి అక్కడ బలంగా నాటుకున్నాయి. వాటి రెండింటి పోలికలతో యూజీ హోరీ 1986లో తెచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ టీవీకి తగిలించే గేమ్ యంత్రాల మీద మరో పెద్ద సంప్రదాయానికి తెరతీసింది. ఈ వ్యాసం ఇంటి కంప్యూటర్ల వరకే కనుక దాని జోలికి వెళ్లడం లేదు.

అల్టిమా 4: మంచితనాన్ని లెక్కపెట్టిన ఆట

మొదటి మూడు ‘అల్టిమా’ల్లో చివరికి ఒక దుష్టశక్తిని అంతం చేయాలి. ఆ గెలుపు కోసం ఆడేవాళ్లు దుకాణాల్లో దొంగతనాలు చేసేవారు, ఊళ్లో కాపలాదారులను చంపేవారు. ఆట వద్దనలేదు, పైగా లాభం చూపించింది. ఆడినవాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు చదివాక గారియట్‌కు ఇది కొట్టొచ్చినట్టు కనబడింది. 1985లో తెచ్చిన ‘అల్టిమా 4: క్వెస్ట్ ఆఫ్ ది అవతార్’లో చంపాల్సిన ప్రధాన శత్రువంటూ లేడు. నిజాయితీ, కరుణ, శౌర్యం, న్యాయం, త్యాగం, పరువు, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది సుగుణాల్లో పూర్ణత్వం సాధించి, దేశానికి ఆదర్శంగా నిలబడి, అగాధంలో ఉన్న జ్ఞాన గ్రంథాన్ని చేరుకోవడమే లక్ష్యం.

ఆట మొదట్లో పాచికలే లేవు. సంతలో ఒక జోస్యం చెప్పే ఆమె ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది. ఏ ప్రశ్నకైనా రెండు జవాబులే, రెండూ మంచివే. మీకు అప్పగించిన సంచీలోంచి దారిలో ఆకలితో ఉన్నవాడికి ఒక నాణెం ఇస్తారా, నమ్మి ఇచ్చినవారికి లెక్క తప్పకుండా చేరుస్తారా అన్న తరహా ప్రశ్నలు. ఏ గుణం వైపు మొగ్గారో దాన్నిబట్టి మీరు మాంత్రికుడో, యోధుడో, గొర్రెల కాపరో అవుతారు.

తర్వాత యంత్రం మీకు చెప్పకుండా ఎనిమిది లెక్కలు రాసుకుంటూ ఉంటుంది. మంత్రాలకు కావలసిన దినుసులు అమ్మే ఆమె గుడ్డిది. ఎంత ఇవ్వాలో చెబుతుంది, ఎన్ని నాణేలు చేతిలో పెడుతున్నారో మీరే టైపు చేయాలి. తక్కువ పెట్టినా సరుకు ఇస్తుంది, ఏమీ అనదు. నిజాయితీ లెక్క మాత్రం పడిపోతుంది. బిచ్చమడిగినవారికి ఇస్తే కరుణ పెరుగుతుంది. వైద్యుడి దగ్గర రక్తమిస్తే త్యాగం పెరుగుతుంది. పోరాటం మధ్యలో పారిపోతే శౌర్యం తగ్గుతుంది. ఎవరైనా మిమ్మల్ని పొగుడుతూ అడిగినప్పుడు గొప్పలకు పోతే వినయం తగ్గుతుంది. రాజుగారి కోటలో హాక్‌విండ్ అనే ద్రష్ట ఉంటాడు. ఏ గుణంలో ఎక్కడున్నారో ఆయన్ను అడిగితే అంకె చెప్పడు, మందలింపో మెప్పో చెబుతాడు. ఒక్కో గుణానికి ఒక గుడి, ఒక రూన్ చిహ్నం, ఒక మంత్రాక్షరం. గుడిలో కూర్చుని ఆ అక్షరం టైపు చేస్తూ ధ్యానం చేయాలి. ఆధ్యాత్మికతకు నిర్ణయించిన అక్షరం ‘ఓం’.

ఊళ్లో ఎవరు ఎదురైనా పేరు, పని, ఆరోగ్యం అడగవచ్చు. వాళ్ల జవాబులోంచి ఒక మాట పట్టుకుని మళ్లీ టైపు చేస్తే ఇంకో సంగతి చెబుతారు. ఎవరు ఏం చెప్పారో ఆట గుర్తుపెట్టుకోదు, నోట్‌బుక్కులో మీరే రాసుకోవాలి. ఎక్కడో పాలెంలో ఒక పిల్లవాడు అన్న మాట నాలుగు రోజుల తర్వాత సముద్రం అవతలి ఊళ్లో తాళం చెవిగా పనికొస్తుంది. పెట్టెలో బట్ట మీద అచ్చు వేసిన పటం, చిన్న లోహపు చిహ్నం కూడా ఉండేవి. రూన్ లిపిలో ఊళ్ల పేర్లున్న ఆ పటాన్ని బల్ల మీద పరుచుకునే ఆడేవారు.

డంజన్ మాస్టర్ మూడో పనిని, అంటే మనిషి చేసిన పనిని చూసి తీర్పు చెప్పడాన్ని యంత్రం గట్టిగా చేపట్టిన తొలి ఆట ఇది. చేసింది కూడికలూ తీసివేతలే. కానీ ఆ లెక్క కనబడకుండా దాచడం వల్ల ఎవరో మనల్ని గమనిస్తున్నారన్న స్పృహ కలుగుతుంది. ఆ యంత్రం పట్టినన్ని కిలోబైట్లలో ఇంతటి పని చేయించడం ఈ రంగంలో నేటికీ అరుదైన ఘనతే.

కాగితం నుంచి తెరకు

1980ల రెండో సగంలో ఆటలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. 1985లో ‘ది బార్డ్స్ టేల్’, 1986లో ‘మైట్ అండ్ మ్యాజిక్’ బాగా అమ్ముడయ్యాయి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నియమాలను అధికారికంగా వాడుకునే హక్కు ఎస్ఎస్ఐ సంస్థకు దక్కింది. 1988లో ఆ సంస్థ ‘పూల్ ఆఫ్ రేడియన్స్’ తెచ్చింది. బంగారు రంగు అట్టపెట్టెల్లో వచ్చిన ఈ వరుసను గోల్డ్ బాక్స్ ఆటలంటారు. ఇందులోనూ ఫలానా అంకె గల పేరా చదువుకోండి అని తెర చెబితే పెట్టెలోని పుస్తకం తెరవాల్సిందే. ముందే అన్నీ చదివేసే గడుసువాళ్ల కోసం ఆ పుస్తకంలో కొన్ని అబద్ధపు కబుర్లు కూడా కలిపారు. నకలు చేసుకోకుండా కాపలాగా రెండు అట్ట చక్రాలను కలిపిన సంకేత చక్రం కూడా పెట్టెలోనే ఉండేది.

వర్ణన భారాన్ని కాగితం నుంచి తెర మీదికి లాగినవి రెండు మూడు ఆటలు. అటారీ ఎస్టీ కంప్యూటర్ కోసం 1987లో వచ్చిన ‘డంజన్ మాస్టర్’లో కాలం ఆగదు. మౌస్‌తో నేల మీది వస్తువును పట్టుకుని తీయాలి, మీట నొక్కాలి, ఆకలేస్తే తినిపించాలి. 1992లో ‘అల్టిమా అండర్‌వరల్డ్’ నేలమాళిగను గడుల నుంచి విడిపించి ఏటవాలు నేల, నీళ్లు, పైకీ కిందికీ చూపు తెచ్చింది. అదే ఏడాది ‘అల్టిమా 7’లో ఊరివాళ్లు పొద్దున లేచి పనికి వెళ్లి, మధ్యాహ్నం తిని, రాత్రి దీపం ఆర్పి పడుకునేవారు. అందులో ఒక వంటింట్లోకి వెళ్లి పిండి బల్ల మీద పోసి, బకెట్టులో తెచ్చిన నీళ్లు కలిపితే ముద్దవుతుంది. దాన్ని పొయ్యి మీద పెట్టి కాసేపు ఆగితే రొట్టె తయారు. కథకు ఈ రొట్టెతో పెద్ద పని లేదు. కానీ అల్లుకున్న లోకం అడిగినదానికల్లా బదులిస్తుందన్న నమ్మకాన్ని ఇలాంటి చిన్న పనులే కలిగిస్తాయి.

1990ల మధ్యలో ఈ రకం ఆటలు మందగించాయి. షూటింగ్ ఆటల జోరులో పెద్ద నియమ పుస్తకాలు చదివే ఓపిక తగ్గింది. 1996 ఆఖరులో బ్లిజర్డ్ నార్త్ తెచ్చిన ‘డయాబ్లో’ దీనికి ఒక మందు కనిపెట్టింది. మొదట వంతులవారీగా ఆడేలా అనుకున్న ఆటను మౌస్ నొక్కగానే కత్తి దెబ్బ పడేలా మార్చారు. ‘రోగ్’ లాగే నేలమాళిగను యంత్రమే అల్లుతుంది, పడ్డ శత్రువు ఏ ఆయుధం విడుస్తాడో తెలియదు. ఇంకొక్కడిని కొడితే ఇంకా మంచి కత్తి దొరకవచ్చన్న ఆశే ఈ ఆటకు ఇంధనం. తీర్పు చెప్పే పనిని ఇది పక్కన పెట్టేసింది.

బాల్డర్స్ గేట్: స్పేస్ బార్ మీద వేలు

కెనడాలోని ఎడ్మంటన్‌లో వైద్యులైన రే మ్యుజికా, గ్రెగ్ జెస్చుక్ ముఖ్య పాత్రధారులుగా మొదలైన బయోవేర్ సంస్థ 1998 చివర్లో ‘బాల్డర్స్ గేట్’ తెచ్చింది. ఐదు సీడీలు. చేతితో గీసినట్టుండే నేపథ్య చిత్రాలు, ఆరుగురి వరకు బృందం, వెనక ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నియమాలు. కాలం నడుస్తూనే ఉంటుంది, స్పేస్ బార్ నొక్కితే ఆగిపోతుంది. ఆగినప్పుడు ఒక్కొక్కరికీ ఆజ్ఞలిచ్చి మళ్లీ నొక్కాలి. ‘డయాబ్లో’ వేగాన్ని, పాత ఆటల ఆలోచనను కలిపే ఈ పద్ధతి తర్వాత చాలా ఆటలకు నమూనా అయింది.

మొదటి గంటలోనే ఒక పోరాటం కొత్తవాళ్లను నిలదీస్తుంది. పెంచిన తండ్రి గొరయన్ హత్యకు గురయ్యాక, చిన్ననాటి నేస్తం ఇమోయెన్‌తో కలిసి ఫ్రెండ్లీ ఆర్మ్ అనే సత్రం చేరాలి. సత్రం మెట్ల మీద టార్నెష్ అనే మాంత్రికుడు మర్యాదగా పేరు అడుగుతాడు. జవాబు ఏదైనా మాటలు పోరాటంలోకే దిగుతాయి. మీది మాంత్రిక పాత్రయితే ఈ దశలో హిట్ పాయింట్లు చాలా తక్కువ, రోజుకు ఒకటో రెండో మంత్రాలు. టార్నెష్ ముందుగా తన ప్రతిబింబాలను చుట్టూ నిలబెడతాడు. మీరు కొట్టేది బొమ్మనో మనిషినో తెలియదు. తర్వాత భయం పుట్టించే మంత్రం చదువుతాడు. అది తగిలితే బృందం చెల్లాచెదురుగా పరుగెడుతుంది, మీ మాట వినదు. కానీ మంత్రం చదువుతున్న క్షణంలో దెబ్బ తగిలితే ఆ మంత్రం చెడిపోతుంది. స్పేస్ బార్ నొక్కి, ఇమోయెన్ చేతిలోని మంత్రదండంతో బాణం వదిలించి, మరొకరిని దగ్గరికి ఉరికించి, మళ్లీ నొక్కి చూడాలి. తెర అడుగున ఉన్న చిన్న పెట్టెలో పాచికల ఫలితాలు అక్షరాల్లో పారుతుంటాయి. ఓడిపోయినవాళ్లు ఆ పెట్టెను చదవడం మొదలుపెట్టిన క్షణం నుంచే ఈ ఆట వాళ్లకు అర్థమవుతుంది.

కథను, నియమాన్ని ముడివేయడంలో కూడా ఈ ఆట మంచి పనితనం చూపింది. తీరప్రాంతమంతా ఇనుముకు కొరత, ఉన్న ఇనుము కూడా పెళుసు అని కథలో చెబుతారు. ఆటలో మీరు కొన్న మామూలు కత్తి కూడా పోరాటం మధ్యలో పుటుక్కున విరుగుతుంది. గనుల్లో జరుగుతున్న మోసం ఎవరో చెప్పిన కబురుగా మిగలకుండా మీ చేతిదాకా వస్తుంది. మరుసటి ఏడాది, 1999లో, బ్లాక్ ఐల్ స్టూడియో అదే సాఫ్ట్‌వేర్ మీద ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ తెచ్చింది. శవాగారంలో గతం మరిచి లేచిన అమరుడి కథ అది. కత్తి కన్నా మాటలే ఎక్కువ పనిచేసే ఆటల్లో దానికి సాటి వచ్చినవి చాలా తక్కువ.

దారి అడుగుతూ నడిచే లోకం

బెథెస్డా సంస్థ ‘ఎల్డర్ స్క్రోల్స్’ వరుస 1994లో ‘అరీనా’తో మొదలైంది. 1996 నాటి ‘డాగర్‌ఫాల్’లో యంత్రం అల్లిన ఊళ్లు, గుహలు, గుడులు కలిపి వేలల్లో ఉన్నాయి. తిరగడానికి విశాలమే, కానీ ఒక ఊరికీ ఇంకో ఊరికీ తేడా తెలియదు. 2002లో వచ్చిన ‘మారోవిండ్’ ఆ దారి వదిలి, ఒకే ఒక దీవిని చేతితో తీర్చింది. పెద్ద పుట్టగొడుగుల మధ్య ఊళ్లు, బూడిద తుఫాన్లు, ప్రయాణికులను వీపున మోసే పొడుగు కాళ్ల పురుగు, సొంత దేవతలు, వాళ్ల మీద అనుమానాలు. పాత్ర ఏ విద్యను వాడితే ఆ విద్యే పెరుగుతుంది. గెంతుతూ తిరిగితే గెంతే నేర్పు, కత్తి తిప్పితే కత్తి నేర్పు.

ఇందులో వెళ్లాల్సిన చోటును చూపే బాణం గుర్తు ఉండదు. వంతెన దాటి, ఉత్తరాన రెండు రాళ్ల మధ్య దారి పట్టుకుని, చెరువు కనబడితే పడమటికి తిరగమని ఒక ఊరివాడు చెబుతాడు. ఆ మాటే మీ చిట్టాలో రాసి ఉంటుంది. దాన్ని చదువుకుంటూ, కొండలు చూసుకుంటూ నడవాలి. ఒక్కోసారి చెప్పినవాడి ఆనవాళ్లు సరిగ్గా ఉండవు. ఆ వెతుకులాటలోనే ఎవరూ చెప్పని సమాధి, ఎవరిదో పాడుబడ్డ గుడిసె దొరుకుతాయి. 2006 నాటి ‘ఆబ్లివియన్’ నుంచి దిక్సూచి గుర్తు వచ్చింది. 2011 నాటి ‘స్కైరిమ్’ ఇంకా సుఖంగా సాగి కోట్ల మందికి చేరింది. సుఖం పెరిగింది, లోకాన్ని శ్రద్ధగా చూడాల్సిన అవసరం తగ్గింది. ‘మారోవిండ్’ కంప్యూటర్ సీడీతోపాటు ఆటను మార్చుకునే పనిముట్లు కూడా ఇచ్చారు. వాటితో అభిమానులు చుట్టుపక్కల దేశాలను ఇరవై ఏళ్లకు పైగా కడుతూనే ఉన్నారు.

ఆన్‌లైన్‌లో వేలమంది కలిసి ఆడే ‘అల్టిమా ఆన్‌లైన్’ 1997లో, ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ 2004లో వచ్చాయి. అవి వేరే వ్యాసం అడిగే సంగతులు. ఒంటరిగా ఆడే వాటిలో పోలండ్ రచయిత ఆండ్రే సప్కోవ్‌స్కీ కథల ఆధారంగా 2007లో మొదలైన ‘ది విచర్’ ప్రత్యేకం. అందులో మీరు తీసుకున్న నిర్ణయం ఫలితం వెంటనే కనబడదు. చాలా గంటల తర్వాత, పాత స్థితిని లోడ్ చేసుకునే ఆలోచన కూడా పోయాక బయటపడుతుంది.

బెల్జియంలోని గెంట్ నగరంలో ఉన్న లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో ‘బాల్డర్స్ గేట్ 3’ విడుదల చేసింది. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా గెలిచింది. ఇరవై ముఖాల పాచిక తెర మీద దొర్లడం అందరికీ కనబడుతుంది, లెక్క దాచలేదు. కాపలావాడిని ఒప్పించవచ్చు, బెదిరించవచ్చు, పైకప్పు మీదికి పెట్టెలు పేర్చుకుని ఎక్కి తప్పించుకోవచ్చు, చచ్చినవాడితో మంత్రం వేసి మాట్లాడవచ్చు. ఎవరినైనా చంపేస్తే కథ వాళ్లు లేకుండానే సాగుతుంది. ఇలా ఆడేవారు చేయగల పనులను ముందే ఊహించి వాటన్నిటికీ మాటలు రాసి, నటులతో పలికించడం వల్ల నటించిన దృశ్యాలే 170 గంటలు దాటాయి. డంజన్ మాస్టర్ మూడో పనికి ఇంతవరకు దొరికిన అతి ఖరీదైన జవాబు ఇది. అప్పటికప్పుడు తోచిన మాట చెప్పగల మనిషికి బదులుగా, కొన్ని వందలమంది చాలా ఏళ్లు కూర్చుని ముందే రాసి పెట్టారు.

తెలుగు నేల మీద

యాపిల్ 2, కమడోర్ కాలం ఆటలు తెలుగు ఇళ్లకు దాదాపు చేరలేదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో మధ్యతరగతి ఇళ్లలోకి కంప్యూటర్ వచ్చింది 1990ల చివర్లో, 2000ల్లో. కాబట్టి మన దగ్గర చాలామందికి ఈ రకం ఆటలతో పరిచయం ‘డయాబ్లో’, ‘స్కైరిమ్’ తరం నుంచే. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ విడుదల చేసింది. భారతీయ పురాణ ఛాయలున్న లోకంలో, ఆడిన ప్రతిసారీ మారే దారులతో, ‘రోగ్’ వంశానికి చెందిన యాక్షన్ ఆట అది.

ఈ ఆటలకు, తెలుగు పాఠకులకు మధ్య ఉన్న అడ్డుగోడ భాషే. షూటింగ్ ఆటకు భాష రాకపోయినా పరవాలేదు, ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ లాంటిదానికి నవల చదివేంత ఆంగ్లం కావాలి. ‘బాల్డర్స్ గేట్ 3’ పాఠం పోలిష్, టర్కిష్, ఉక్రేనియన్, కొరియన్ సహా ఎన్నో భాషల్లో ఉంది, భారతీయ భాష ఒక్కటీ లేదు. సంత ఎంత పెద్దదన్న లెక్కతోపాటు లిపి చిక్కు కూడా ఇందులో ఉంది. ఆటల సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిలో పక్కపక్కన పేర్చే పద్ధతి మీద కట్టినవి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు పైనా కిందా కలిసి ఆకారం మారుస్తాయి. ఆ కూర్పు తెలియని ఆటలో ‘స్త్రీ’ అన్న మాట విడివిడి ముక్కలుగా తెర మీద పడుతుంది. ఉచితంగా దొరికే గోడో అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ 2023లో వచ్చిన నాలుగో రూపం నుంచి ఇలాంటి లిపులను సరిగా కూర్చే ఏర్పాటును తనలోనే కలుపుకుంది. దానితో ఇంట్లో కూర్చుని చిన్న ఆర్పీజీ రాసేవారు పాత్రల సంభాషణలను తెలుగులోనే పెట్టుకోవచ్చు.